అల్లుడూ, ఏ బ్రాంచి తీసుకోమంటావ్?

2025 జూలైలో ఒక ఆదివారం. పొద్దున్నే ఏడున్నరకి ఫోన్. కోదాడ నుంచి మా మేనమామ. ఆదివారం ఆ టైముకి ఊరి నుంచి ఫోనొస్తే ఎవరికో ఏదో అయ్యిందనే అనుకుంటాం కదా, గాభరాగా ఎత్తాను. ఎవరికీ ఏమీ కాలేదు. మా బామ్మర్దికి ఎంసెట్ ర్యాంకొచ్చింది, వెబ్ ఆప్షన్లు పెట్టుకునే టైమొచ్చింది. (దాని పేరు ఈఏపీసెట్ అని మార్చేశారు గానీ మా ఇళ్ళల్లో అది ఇంకా ఎంసెట్టే.)

"అల్లుడూ, నువ్వు ఆ ఫీల్డులోనే ఉన్నావు కదా. రాబోయే రోజుల్లో దేనికి డిమాండు ఉంటదో నువ్వే చెప్పాలి. వీడికి యూనివర్సిటీ కాలేజీలో ట్రిపుల్ ఈ వచ్చేటట్టుంది. ప్రైవేటు కాలేజీవాళ్ళేమో బీ కేటగిరీలో సీఎస్‌ఈ ఏఐ ఎంఎల్ ఇస్తామంటున్నారు. నాలుగేళ్ళకి కలిపి పన్నెండు లక్షలు. బైపాసు పక్కన ప్లాటు అమ్మేస్తే సరిపోద్ది. ఏం చేయమంటావ్?"

ఐదేళ్ళ క్రితమైతే టీ తాగేలోపు చెప్పేసేవాణ్ణి. చెప్పాను కూడా. ముందు ఆ సంగతి చెప్తాను.

2020. లాక్‌డౌన్ రోజులు. నాకు ఉద్యోగమొచ్చి ఏడాది దాటింది. మనందరికీ తెలిసిన ఆ 3.36 లక్షల ప్యాకేజీయే, కానీ మా ఊళ్ళో నేను సాఫ్ట్‌వేరు ఇంజినీర్ని. మా బాబాయి కూతురికి మంచి ర్యాంకొచ్చింది. యూనివర్సిటీ కాలేజీలో ఈసీఈ దొరికేది. దానికి ఇష్టం కూడా. నేను ఈసీఈ చదివే జావా రాసుకుంటున్నాను కాబట్టి, అనుభవజ్ఞుడిలా ఫోజు పెట్టి చెప్పాను: "ఈసీఈ చదివినా చివరికి ఇక్కడికే వస్తావ్ తల్లీ. నాలుగేళ్ళు దండగెందుకు? ఈ ఏడాదే డేటా సైన్స్ బ్రాంచి కొత్తగా పెట్టారు. ఫ్యూచరంతా డేటాదే." డేటా సైన్స్ గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా సగంలో ఆపేసిన ఒక ఆన్‌లైన్ కోర్సు, ఆఫీసు మీటింగుల్లో మేనేజర్లు వల్లించే నాలుగు ముక్కలు.

అది నా మాట విన్నది. కొత్త బ్రాంచిలో చేరింది. ఆ కాలేజీలో ఆ సబ్జెక్టులు చెప్పడానికి కొత్తగా మనుషుల్ని తీసుకోలేదు. నిన్నటిదాకా వేరే సబ్జెక్టు చెప్పిన సారే యూట్యూబులో ముందు రోజు చూసుకుని వచ్చి మర్నాడు మెషీన్ లెర్నింగ్ చెప్పేవాడట. పాపం ఆయన తప్పేముంది, ఆయనా మనిషే. ల్యాబ్ అంటే ప్రోగ్రాములు ప్రింటు తీసి రికార్డులో అంటించడం. ప్రాబబిలిటీ అంటే "ఈ ఐదు ప్రశ్నలు చూసుకోండి, పాసైపోతారు". అది మూడో ఏడాదిలో ఉండగా, 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. 2020లో చేరినప్పుడు "రాబోయే టెక్నాలజీ" అని పేరు పెట్టుకున్న సిలబస్, డిగ్రీ చేతికి రాకముందే పాత చింతకాయ పచ్చడయ్యింది.

2024లో పాసయ్యింది. క్యాంపస్‌కి వచ్చిన ఒకటీ అరా కంపెనీలు సీఎస్‌ఈ, డేటా సైన్స్, ఐఓటీ, సైబర్ సెక్యూరిటీ అందర్నీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఒకే పేపరిచ్చాయి. నాలుగేళ్ళ స్పెషలైజేషన్ విలువ ఆ పేపర్లో సున్నా. ఇప్పుడు మాదాపూర్లో టెక్నికల్ సపోర్టులో నైట్ షిఫ్టులు చేస్తోంది. "నువ్వు చెప్పావనే కదా అన్నయ్యా" అని ఇవాళ్టి దాకా ఒక్క మాట అనలేదు. అనేసి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

సరే, అసలు విషయానికొస్తా. నేననేది ఒక్కటే. రాబోయే టెక్నాలజీ పేరు చూసి నాలుగేళ్ళ చదువు కొనకూడదు. కొనమని చెప్పే అర్హత మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి అసలే లేదు.

మన అమీర్‌పేటనే తీసుకోండి. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ వేలాడే ఫ్లెక్సీలని ఎవరైనా ఏడాదికొకసారి ఫొటో తీసి ఉంచితే అదే మన ఐటీ చరిత్ర పుస్తకమయ్యేది. వైటూకే రోజుల్లో మెయిన్‌ఫ్రేములు, కోబాల్. ఆ తర్వాత టెస్టింగ్ టూల్స్. మా సీనియర్లలో విన్‌రన్నర్ నేర్చుకోని వాడు లేడు. దాన్ని చేసిన మెర్క్యురీ కంపెనీని 2006లో హెచ్‌పీ కొన్నది, ఇంకో రెండేళ్ళకల్లా విన్‌రన్నర్ అటకెక్కింది. ఫ్లాష్ నేర్చుకున్న వాళ్ళున్నారు, 2020 డిసెంబరుతో దాని కథ ముగిసింది. సింబియన్ మీద ఫోను అప్లికేషన్లు రాసిన వాళ్ళకి 2011లో నోకియా తానే మైక్రోసాఫ్ట్ వైపు దూకి షాకిచ్చింది. నేను బీటెక్‌లో ఉన్నప్పుడు గోడల నిండా హడూపే. దాన్ని నమ్ముకున్న రెండు పెద్ద కంపెనీలు, క్లౌడెరా, హోర్టన్‌వర్క్స్, 2019 జనవరికల్లా ఒక్కటైపోయాయి, మూడోది మ్యాప్‌ఆర్ అదే ఏడాది అమ్ముడుపోయింది.

అయితే ఆ మనుషులంతా రోడ్డున పడ్డారా అంటే, లేదు. అక్కడే ఉంది కిటుకు. విన్‌రన్నర్ మాత్రమే నేర్చుకున్న వాడు ఇబ్బంది పడ్డాడు. ప్రోగ్రాం ఎక్కడ విరుగుతుందో పసిగట్టడం నేర్చుకున్న వాడు సెలీనియంకి మారాడు, మళ్ళీ ఇంకోదానికి మారాడు. నాలుగు నెలల కోర్సు పాతబడిపోతే పోయేది పాతిక వేల రూపాయలు. ఆ కోర్సుకి బీటెక్ అని పేరు పెట్టి నాలుగేళ్ళు సాగదీసి, అది పాతబడిపోతే? పోయేది పద్దెనిమిదో ఏటి నుంచి ఇరవై రెండో ఏటి దాకా ఉన్న వయసు. దాన్ని ఏ ప్లాటు అమ్మీ తిరిగి కొనలేం.

ఇప్పుడు కాలేజీలు చేస్తున్నది అచ్చంగా ఇదే. 2020-21 విద్యాసంవత్సరానికి ఏఐసీటీఈ "ఎమర్జింగ్ ఏరియాస్" అని ఒక జాబితా ఇచ్చింది: ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ, బ్లాక్‌చైన్, రోబోటిక్స్, క్వాంటమ్ కంప్యూటింగ్, త్రీడీ ప్రింటింగ్... ఉద్దేశం మంచిదే కావచ్చు. మనవాళ్ళ చేతిలో అది హోటలు మెనూ అయ్యింది. సీఎస్‌ఈ పక్కన డ్యాష్ పెట్టి ఏది తగిలిస్తే అది అమ్ముడుపోతుంది. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకి సీట్ల మీద పరిమితి కూడా ఎత్తేశారు. సివిల్, మెకానికల్ తగ్గించి ఆ సీట్లని కంప్యూటర్లకి మార్చుకోడానికి మన దగ్గర కాలేజీలు హైకోర్టు మెట్లు కూడా ఎక్కాయి. మార్కెట్లో ఏది పోతే అది అమ్ముకోవడం వ్యాపారి ధర్మం. నాకు వాళ్ళ మీద అంత కోపం లేదు. వ్యాపారి బోర్డు మీద రాసిందాన్ని మనం జాతకం అని చదువుతున్నామే, కోపం దాని మీద.

ఒక చిన్న లెక్క వేయండి. ఇవాళ చేరిన పిల్లాడు నాలుగేళ్ళకి బయటికొస్తాడు. వాడు చదివే సిలబస్ వాడు చేరకముందే తయారయ్యింది. యూనివర్సిటీ రెగ్యులేషన్లు మారేది మూడు నాలుగేళ్ళకోసారి. అంటే ఉద్యోగంలో చేరేనాటికి వాడి చేతిలో ఉన్న "లేటెస్ట్" వయసు ఐదారేళ్ళు. ఇవాళ మనం వాడుతున్న భాషా మోడళ్ళన్నిటికీ మూలమైన ట్రాన్స్‌ఫార్మర్ పేపరు వచ్చింది 2017లో. ఆ ఏడాది "నాలుగేళ్ళ తర్వాత ఏం నేర్చుకోవాలి" అని అడిగితే మనలో ఎంతమంది ఆ మాట చెప్పేవాళ్ళు? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ తన పేరే మెటా అని మార్చుకున్నప్పుడు భవిష్యత్తంతా మెటావర్స్ అని ఎన్ని ఉపన్యాసాలు విన్నాం? వేల కోట్లున్న కంపెనీల అంచనాలే తప్పుతుంటే, కోదాడలో ఎరువుల కొట్టు నడుపుకునే మా మామయ్య ప్లాటు అమ్మి పందెం కాయాలా?

ఇంకో విషయం. ఏఐ నిలబడి ఉన్నది ఏ కొత్త సబ్జెక్టు మీదో కాదు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, కాలిక్యులస్. న్యూరల్ నెట్లకి నేర్పే బ్యాక్‌ప్రాపగేషన్‌కి పేరు తెచ్చిన పేపరు 1986 నాటిది. అది ఎంత తవ్వినా చివరికి తేలేది మనం ఇంటర్లో ముక్కున పట్టి పారేసిన చెయిన్ రూలే. ఎంపీసీలో రెండేళ్ళు పిల్లల్ని హాస్టల్లో పెట్టి ఆ లెక్కలే రుద్దిస్తాం, ఎంసెట్ అవ్వగానే "ఇంక లెక్కల గోల ఉండదు, కోడింగే" అంటాం. వాళ్ళు చేరేదేమో లెక్కల మీదే బతికే బ్రాంచిలో!

ఏఐని తయారు చేసిన వాళ్ళు ఏం చదివారో కొంచెం గూగులించి చూడండి. 2024లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న జెఫ్రీ హింటన్ కేంబ్రిడ్జిలో చదివిన డిగ్రీ ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్రం. అదే ఏడాది ఆల్ఫాఫోల్డ్‌కి కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న జాన్ జంపర్ పీహెచ్‌డీ సైద్ధాంతిక రసాయన శాస్త్రంలో. అంత దూరం ఎందుకు, మన తెలుగాయన రాజ్ రెడ్డి గారున్నారు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. 1958లో గిండీ కాలేజీ నుంచి తీసుకున్న డిగ్రీ సివిల్ ఇంజినీరింగ్. అవును, మనవాళ్ళు ఇవాళ ముఖం చిట్లించే ఆ సివిలే. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ చేసి, మాటల్ని కంప్యూటరు గుర్తుపట్టేలా చేసే పని మీద ఏళ్ళ తరబడి కూర్చుని, 1994లో ఏఐకే ట్యూరింగ్ అవార్డు తెచ్చుకున్నారు. ఆ అవార్డు అందుకున్న మొదటి ఆసియా వ్యక్తి. 1950ల్లో ఆయన చదువుకునేటప్పుడు "రాబోయే టెక్నాలజీ" బ్రాంచి ఎక్కడుందండీ?

"వాళ్ళు మహానుభావులు బాబూ, మనవాళ్ళు మామూలు పిల్లలు" అంటారు. ఒప్పుకుంటాను. సివిల్ చదివితే ట్యూరింగ్ అవార్డు వస్తుందని నేనూ అనడం లేదు. కొత్తది వచ్చినప్పుడు దాన్ని అందుకోడానికి పనికొచ్చిన సరుకేమిటో చూడమంటున్నాను. అది బ్రాంచి పేరైతే కాదు.

ఇక మామూలు పిల్లల సంగతే మాట్లాడుకుందాం. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. గిగావాట్ స్థాయి డేటా సెంటర్. వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే పండగ, "చూశారా, ఏఐ మన ఇంటికే వస్తోంది" అని. గిగావాట్ అంటే ఎంతో చూద్దాం. అదే విశాఖ పక్కన పరవాడలో ఉన్న ఎన్టీపీసీ సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. అంటే సింహాద్రిలో సగం. అంత కరెంటు తేవడానికి సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు (ఈసారి అసలు ట్రాన్స్‌ఫార్మర్లు :)), స్విచ్‌గేర్లు, బ్యాకప్పులు కావాలి. ఆ చిప్పులు పుట్టించే వేడిని లాగెయ్యడానికి చల్లటి నీళ్ళు, పంపులు, పైపులు కావాలి. ఆ భవనం ఎవరో కట్టాలి. ట్రిపుల్ ఈ, మెకానికల్, సివిల్. మనం "ఔట్‌డేటెడ్" అని పిల్లల చేత వదిలించేస్తున్న బ్రాంచిల మీదే ఆ ఏఐ నిలబడేది.

చిప్పుల సంగతీ అంతే. 2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్ల కోసం 76,000 కోట్ల కార్యక్రమం ప్రకటించింది. 2023లో 6,003 కోట్ల చిల్లరతో జాతీయ క్వాంటమ్ మిషన్‌కి ఆమోదం తెలిపింది. వాటికి కావల్సింది ఎలక్ట్రానిక్స్, ఫిజిక్స్, మెటీరియల్స్ తెలిసిన పిల్లలు. రేపు పొద్దున "సీఎస్‌ఈ - క్వాంటమ్" బోర్డు పడుతుంది చూడండి. ఫిజిక్స్ ల్యాబుకి మాత్రం తాళం వేసే ఉంటుంది.

ఇప్పుడు నా వాదనకి ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటుంది. దాన్ని దాటేసి పోతే నేనూ ఆ ఫ్లెక్సీల వాళ్ళూ ఒకటే. "నువ్వు హాయిగా సాఫ్ట్‌వేరులో కూర్చుని మా పిల్లల్ని మెకానికల్ చదవమంటావా? క్యాంపస్‌కి వచ్చే కంపెనీలన్నీ సాఫ్ట్‌వేరువే. కోర్ కంపెనీల్లో మొదటి జీతం ఎంతో తెలుసా?"

తెలుసు. నిజమే. కోర్ కంపెనీలు తక్కువగా వస్తాయి, తక్కువ ఇస్తాయి. అప్పు చేసి చదివించిన ఇంటికి మొదటి జీతం అంటే మాటలు కాదు, మా ఇల్లూ అలాంటిదే. అందుకే నేను కంప్యూటర్స్ వద్దు అనడం లేదు. ఆసక్తి ఉండి, మంచి కాలేజీలో వస్తే శుభ్రంగా తీసుకోవచ్చు. నేనడిగేది, ఉత్త సీఎస్‌ఈ దొరుకుతుంటే దాని పక్కన డ్యాష్ ఎందుకని. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేసులు, ఆల్గోరిథమ్స్, ఇవి సరిగ్గా వచ్చినవాడు ఏఐ ఆర్నెల్లలో పట్టుకుంటాడు. ఇవి రానివాడు నాలుగేళ్ళు ఏఐ పేరు పలికినా లైబ్రరీలు ఇంపోర్ట్ చేసుకునే దగ్గరే ఆగిపోతాడు. ఆ పనైతే ఇప్పుడు ఏఐయే మనకంటే వేగంగా చేస్తోంది. ఇంక వాడిని ఎవరు పిలుస్తారు?

పైగా సాఫ్ట్‌వేరు అనే ఆ "గ్యారంటీ" ఎంత గట్టిదో మనకి తెలీదా? 2025 జూలైలో టీసీఎస్ పన్నెండు వేల మందికి పైగా తీసేస్తామని ప్రకటించింది, అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయి వాళ్ళేనని చెప్పింది. ఆ వారమంతా మన ఆఫీసు క్యాంటీన్లలో ఏం మాట్లాడుకున్నాం? అదే వారం ఊరి నుంచి ఫోనొస్తే ఏం చెప్పాం? "సాఫ్ట్‌వేరే బెస్టు బాబాయ్, ఏఐ తీసుకోమను." క్యాంటీన్లో ఒక మాట, ఫోన్లో ఒక మాట.

ఎందుకు చెప్తాం అలా? నా మటుకు నాకు తెలిసిన కారణం చెప్తాను. "నాకు తెలీదు" అంటే పరువు పోతుందని. ఊళ్ళో మనకి వచ్చిన గౌరవమంతా మనకేదో తెలుసన్న నమ్మకం మీదే ఉంది. రోజూ చేసే పని నాలుగు ఏపీఐలు అతికించడం, ప్రొడక్షన్‌లో పగిలిపోతే రాత్రి రెండింటికి లేచి లాగ్స్ చూసుకోవడం. చెప్పేదేమో టెక్నాలజీ జోస్యం. పైగా మన భయాన్ని కూడా పిల్లలకి అంటిస్తున్నాం. మనం ఏఐ నేర్చుకోలేదన్న కంగారుతో జెనరేటివ్ ఏఐ సర్టిఫికెట్లు ఒకదాని మీద ఒకటి లింక్డిన్లో అతికిస్తాం, ఆ కంగారుతోనే వాళ్ళకి బ్రాంచి చెప్తాం.

మరి ఫోనొస్తే ఏం చెప్పాలి? నేనిప్పుడు చెప్తున్నవి ఇవీ:

మొదటిది, కాలేజీ ముందు, బ్రాంచి తర్వాత. మంచి పంతుళ్ళు, పనిచేసే ల్యాబులు, చదివే సావాసగాళ్ళు ఉన్న చోట ఏ బ్రాంచి అయినా మనిషిని తయారు చేస్తుంది.

రెండోది, చేరకముందు ఆ కాలేజీలో మూడో ఏడాది చదువుతున్న ఇద్దరు పిల్లలతో మాట్లాడండి. ఏఐ ఎవరు చెప్తున్నారు, ఆయన ఇంతకుముందు ఏం చెప్పేవాడు, ల్యాబులో నిజంగా ఏం చేయిస్తున్నారు అని అడగండి. ప్లేస్‌మెంట్ ఆఫీసరుని అడగొద్దు.

మూడోది, పేరు కోసం ఆస్తులు అమ్మొద్దు. కన్వీనర్ కోటాలో వచ్చిన దాంట్లో చేరి, ఆ డబ్బు దాచితే రేపు పిల్లాడు ఎంటెక్ చేస్తానన్నా, ఏడాది ఖాళీగా ఉండి ఏదైనా నేర్చుకుంటానన్నా పనికొస్తుంది.

నాలుగోది, పిల్లాణ్ణి అడగండి. దీనికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు.

ఆ ఆదివారం నేను చేసింది ఈ నాలుగోదే. "మామయ్యా, నాలుగేళ్ళ తర్వాత దేనికి డిమాండు ఉంటదో నాకు తెలీదు. నిజంగా తెలీదు. ఒకసారి వాడికి ఫోనివ్వు" అన్నాను. అవతల నిశ్శబ్దం. ఇన్నేళ్ళలో మా మామయ్య నా నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. బామ్మర్ది వచ్చాడు. నీకేం ఇష్టంరా అంటే ముందు "ఏదైనా ఓకే బావా" అన్నాడు. పది నిమిషాలు కదిలిస్తే అప్పుడు బయటపడింది. వాళ్ళ పొలం మోటారు స్టార్టరు కాలిపోయినప్పుడల్లా విప్పి బాగుచేసేది వీడేనట. మొబైల్ నుంచి మోటారు ఆన్ చేసే పెట్టె ఒకటి కొని, దాన్నీ విప్పి చూశాడట, లోపల ఏముందో తెలుసుకుందామని. వాళ్ళ నాన్న దృష్టిలో అది ఆట. వాడికి అదే చదువు.

వాడు మొదటి ఆప్షన్ యూనివర్సిటీ కాలేజీ ట్రిపుల్ ఈ పెట్టుకున్నాడు, సీటొచ్చింది, చేరాడు. ప్లాటు ప్లాటుగానే ఉంది. మా మామయ్య మాత్రం నాతో ఇప్పటికీ ముభావంగానే ఉన్నాడు. దసరాకి వెళ్తే "మా వాడి ఫ్రెండ్సంతా ఏఐలో చేరారంట" అని గోడకి చెప్పినట్టు చెప్పాడు. నేను చెప్పింది తప్పే కావచ్చు. నాలుగేళ్ళ తర్వాత వాడికి ఉద్యోగం రాకపోతే మళ్ళీ నేనే దోషిని. కానీ ఈసారి నాకు తెలియనిది తెలిసినట్టు చెప్పలేదు. వాడికి తెలిసిందాన్ని వాడి చేతే చెప్పించాను.

మళ్ళీ కౌన్సెలింగ్ వస్తుంది. మీ ఊరి నుంచి మీకూ ఫోనొస్తుంది. మైకులో మాట్లాడినట్టు మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, క్యాంటీన్లో మాట్లాడినట్టు మాట్లాడండి. చాలు.